మీ సుబేదార్ గారికి ఎవరు బాకీ?

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ముందు ప్రశ్న చెప్పేస్తాను. మీ నవలలో ఒక సుబేదార్ ఉన్నాడు, 1971 యుద్ధంలో వీర చక్ర అందుకున్న మనిషి, ఇప్పుడు హైదరాబాద్ సైనిక్‌పురిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. తాగుతాడు, కోడలి మీద అరుస్తాడు, పక్కింటివాళ్ళతో ప్రహరీ గోడ తగాదా పెట్టుకుని కోర్టుకెక్కుతాడు, ఆఖరికి ఆ వీధిలో తల్లులు పిల్లలకి "ఆ తాతలా తయారవకు" అని చెప్పే స్థితికి వస్తాడు. చదివిన స్నేహితులు మాత్రం "జాలీ లేదు, భయమూ లేదు, ఉత్త చిరాకు మనిషిలా ఉన్నాడు" అన్నారట. ఎక్కడ తేడా కొట్టింది, ఇలాంటివాళ్ళు పాత కథల్లో ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

ఉన్నారు, బోలెడంత మంది. మనం వాళ్ళ కథలో యుద్ధం అయిపోగానే పుస్తకం మూసేస్తాం కాబట్టి గుర్తురారు, అంతే.

నేను కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు సినిమా స్టోరీ సిట్టింగుల్లో చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నాను, వేరేవాళ్ళ కథలకి రిపేర్లు చెప్పడమే నా పని. రిటైర్డ్ మిలిట్రీ ఆయన క్యారెక్టర్‌ని పట్టుకొచ్చేవాళ్ళకి లెక్కలేదు. అందరి దగ్గరా ఆయన చేసేది ఒకటే, బాల్కనీలో కూర్చుని రమ్ము తాగుతూ పాత గ్రూప్ ఫొటో చూస్తుంటాడు. మీ మొదటి అధ్యాయమూ అదే సీను. మొహమాటం లేకుండా చెబుతున్నా, దాన్ని తీసేయండి. తాగుబోతుగా పరిచయమైన మనిషి ఒకప్పుడు వీరుడని తొమ్మిదో అధ్యాయంలో ఫ్లాష్‌బ్యాక్ వేసి చెబితే, చదివేవాడికి అది సర్టిఫికెట్ చూపించినట్టుంటుంది తప్ప ఇంకేం అనిపించదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలాంటి కథల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఒక బాకీ లెక్క. ఈయన ప్రాణం ఒడ్డాడు, దానికి తగ్గది తనకి రాలేదనుకుంటున్నాడు. చాలాసార్లు అది నిజమే కూడా. బాకీ ఉందా లేదా అని తేల్చే పని రచయితకి అక్కర్లేదు, ఆయన దాన్ని ఎవరి దగ్గర వసూలు చేస్తున్నాడో చూపిస్తే చాలు. ఎందుకంటే బాకీ పడ్డవాడు ఎప్పుడూ చేతికి దొరకడు, ప్రభుత్వమో పై అధికారో చచ్చిపోయిన శత్రువో అయ్యుంటాడు. దొరికేది కోడలు, పక్కింటాయన, గేటు దగ్గర నిలబడ్డ డెలివరీ కుర్రాడు.

గ్రీకుల ఏజాక్స్‌ని చూడండి. ట్రాయ్ యుద్ధంలో అకిలీస్ తర్వాత అంతటివాడు. అకిలీస్ చనిపోయాక అతని కవచం తనకే రావాలనుకున్నాడు, అది మాటకారి ఒడిస్యూస్‌కి పోయింది. ఆ రాత్రి సేనానాయకులందర్నీ నరికేద్దామని కత్తి తీసుకుని బయల్దేరితే అథీనా దేవత మతి తప్పించింది, వాళ్ళే అనుకుని శిబిరంలో ఉన్న గొర్రెల్నీ పశువుల్నీ నరికాడు. ఒక పొట్టేలుని గుడారంలోకి ఈడ్చుకొచ్చి స్తంభానికి కట్టి, ఒడిస్యూస్ అనుకుంటూ కొరడాతో కొట్టాడు కూడా. తెల్లారి మతి వచ్చాక ఆ కళేబరాల మధ్య కూర్చున్నాడు. నాటకంలో సోఫోక్లీస్ ఆయన్ని అలా మన ముందు కూర్చోబెడతాడు. మీ ప్రహరీ గోడ తగాదా సరిగ్గా ఇదే, కాకపోతే పక్కింటాయన మీ కథలో గొర్రె అని మీకింకా తెలీదు. ఆయన్ని మీరు నిజంగానే దొంగ ఆక్రమణదారుగా రాశారు. అప్పుడు సుబేదార్‌ది న్యాయమైన కేసు అయిపోతుంది, ఇక ఆయన్ని చూసి ఎవరు ఏం నేర్చుకోవాలి?

అశ్వత్థామ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. మర్రిచెట్టు కింద పడుకోలేక, గుడ్లగూబ రాత్రిపూట కాకుల్ని చంపడం చూసి, అదే దారి అనుకున్నాడు. తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుడి మీద పగ అర్థమవుతుంది. ఆ రాత్రి నిద్రలోనే చంపేసిన ద్రౌపది పిల్లలు అయిదుగురూ ఆయనకేం బాకీ? మేనమామ కృపుడు వద్దన్నాడు, తెల్లారనిమ్మన్నాడు, అయినా వెంట వెళ్ళాడు. ఈ కృపుడి లాంటి మనిషి మీ నవలలో లేడు, ఉండాలి. వద్దని చెప్పి, తర్వాత తలుపు దగ్గర కాపలా కాసే మంచివాడు. ఆపైన శాపం చూడండి, చంపలేదు. తలలో మణి తీసుకుని, మూడు వేల ఏళ్ళు నెత్తురూ చీమూ కంపు కొడుతూ ఎవరితోనూ మాట లేకుండా తిరగమన్నారు. వీధిలో ఎవరూ పలకరించని ముసలాయన్ని రాయాలనుకునేవాడికి ఇంతకంటే నమూనా ఎక్కడ దొరుకుతుంది.

కానీ మీకు నిజంగా పనికొచ్చేది భారతంలో మౌసల పర్వం. ప్రభాస తీర్థంలో యాదవులు ముసలం వల్ల పోయారని టీవీ సీరియల్లో చూసి వదిలేస్తాం, మొదలైంది మాత్రం ఒక మందు పార్టీలో. కురుక్షేత్రం అయి 36 ఏళ్ళయింది. సాత్యకి పాండవుల వైపు చేశాడు, కృతవర్మ కౌరవుల వైపు. యుద్ధం తర్వాత ఇద్దరూ ఒకే కులం వాళ్ళు కాబట్టి ఒకే ఊరి మనుషులుగానే బతికారు. ఒకళ్ళ ఇంట్లో పెళ్ళికి ఇంకొకళ్ళు వెళ్ళే ఉంటారు, భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చునే ఉంటారు. ద్వారకలో అప్పటికి మద్యనిషేధం ఉంది, కాచినవాడిని బంధువులతో సహా కొర్రెక్కిస్తామని చాటింపు కూడా వేశారు. తీర్థయాత్రకని ఊరు దాటారు, అంతే. బ్రాహ్మణులకి వండిన అన్నంలో కల్లు కలిపి కోతులకి వేసేంత ఊపులో ఉన్నారు.

అక్కడ సాత్యకి నవ్వుతూ అందుకున్నాడు: పడుకున్నవాళ్ళని చంపినవాడు క్షత్రియుడా అని. అశ్వత్థామతో పాటు ఆ రాత్రి కృతవర్మ కూడా ఉన్నాడు కదా. ప్రద్యుమ్నుడు బాగుందని చప్పట్లు కొట్టాడు. కృతవర్మ ఎడమ చేత్తో చూపిస్తూ తిరిగి అన్నాడు: చెయ్యి తెగిపోయి, ఆయుధం వదిలి ప్రాయోపవేశం చేసిన భూరిశ్రవసుడి తల నరికావు, నువ్వా చెప్పేది? ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరి మాటలూ ఆ మనుషుల సొంత వీరగాథల్లోంచి వచ్చినవే, ఏదీ కల్పితం కాదు. సాత్యకి అంతటితో ఆగక శమంతకమణి గొడవ, సత్రాజిత్తు చావు కూడా తవ్వి తీశాడు, ఆయన కూతురు సత్యభామ ఏడుస్తూ వచ్చి కృష్ణుడి ఒళ్ళో కూర్చుంది. ఆపైన సాత్యకి లేచి కృతవర్మ తల తీసేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తిన్న ఎంగిలి పాత్రలతోనే సాత్యకిని కొట్టడం మొదలుపెట్టారు. అయిదేళ్ళో పదేళ్ళో కాదు, 36 ఏళ్ళు కడుపులో పెట్టుకుని తిరిగిన మాటలు, ఒక సాయంత్రం, ఎంగిలి కంచాలు. మహారథులు అనిపించుకున్న మనుషుల ఆఖరి యుద్ధం అది.

మీ నవలలో ఇద్దరు మాజీ సైనికులు కలిసి తాగే సీను ఒకటుంది, అందులో ఇద్దరూ ఒకరినొకరు పొగుడుకుని ఏడ్చుకుంటారు. దాన్ని ప్రభాసంలా రాసి చూడండి. రెండో ఆయనకి ఆ వీర చక్ర వెనకాల సంగతి తెలుసు. పతకంతో పాటు వచ్చే సైటేషన్‌లో, అంటే ఏం చేసినందుకు ఇచ్చారో రాసే కాగితంలో, ఓ నాలుగు వాక్యాలుంటాయనుకోండి, అందులో లేని అయిదో వాక్యం ఆయనకి తెలుసు. 50 ఏళ్ళు చెప్పలేదు. ఇవాళ గ్లాసు చేతిలో పెట్టుకుని నవ్వుతూ చెబుతాడు, అదీ మనవడి ముందు. ఆ అయిదో వాక్యం ఏమిటన్నది మీరే తేల్చుకోవాలి, కానీ దయచేసి సుబేదార్‌ని పిరికివాడు చేయకండి. అది చవకబారు పని. చేసిన సాహసం నిజం కావాలి, దాంతో పాటు ఇంకోటి కూడా నిజం కావాలి.

ఇంకో రకం వీరులున్నారు, వీళ్ళకి ఎవరూ బాకీ లేరు, కానీ చేతిలోది కింద పెట్టలేరు. అర్జునుడు. కృష్ణుడు పోయాక ద్వారక ఆడవాళ్ళనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వస్తుంటే దారిలో ఆభీరులు కర్రలు పట్టుకుని మీద పడ్డారు. మొదట నవ్వాడు, ఎవరి మీదకి వస్తున్నారో తెలుసా అన్నట్టు. తీరా గాండీవం ఎక్కుపెట్టబోతే చేతకాలేదు, అతికష్టం మీద నారి కట్టాడు. మంత్రాలు గుర్తురాలేదు. తరగని అంబులపొదులు ఖాళీ అయ్యాయి. చివరికి వింటి కొనతో పొడుస్తూ కొడుతూ కొట్లాడాడు, కళ్ళముందే ఆడవాళ్ళని ఎత్తుకుపోయారు. వ్యాసుడి దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటే, మీ పని అయిపోయింది నాయనా అన్నాడు.

సరే, అయిపోయింది. మరి ఆ విల్లు? మహాప్రస్థానానికి అన్నీ వదిలేసి నారచీరలు కట్టుకుని బయల్దేరిన మనిషి, అప్పటికీ గాండీవం వదల్లేదు. అగ్నిదేవుడు దారికి అడ్డం నిలబడి, ఇది వరుణుడి సొత్తు, తిరిగి ఇచ్చేయమని అడిగితే గానీ నీళ్ళలో పడేయలేదు. ఎక్కుపెట్టడానికి కూడా రాని విల్లు అది! తర్వాత దారిలో పడిపోతే ధర్మరాజు చెప్పిన కారణం కూడా అలాంటిదే, ఒక్క రోజులో శత్రువుల్ని కాల్చేస్తానని గొప్పలు పోయాడు, చేయలేదు అని. సొంత అన్న, వెనక్కి కూడా తిరిగి చూడకుండా చెప్పాడు ఆ మాట.

మీ సుబేదార్‌లో ఈ రెండు రకాలూ కలిసిపోయాయి, చిరాకు మనిషిలా కనిపించడానికి అది కూడా కారణం. ఒక పేజీలో చేతులు వణికి టీ కప్పు పడేస్తాడు, జాలిపడమంటారు. పక్క పేజీలో వసూళ్ళకి బయల్దేరతాడు. ఒకటి ఎంచుకోండి. కోడలు, గోడ, కోర్టు ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నా ఓటు వసూలు మనిషికే, వణుకు తగ్గించేయండి.

ఇంతకీ నీకు ఇంత రావాలి అని ఆయనకి ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న మీ కథలో ఎవరూ వేయలేదు. షేక్‌స్పియర్ కొరియొలేనస్ నాటకంలో తల్లి వొలమ్నియా, రోమ్ సేనాని అయిన కొడుకు ఒంటి మీద గాయాలు లెక్కపెడుతుంది, ఇది వరకు 25, ఇప్పుడు ఇంకో రెండు అని సంతోషంగా. కొడుకు పదవి కోసం జనం ముందు ఆ గాయాలు చూపించి ఓటు అడగాల్సి వచ్చేసరికి వాడికి ప్రాణం పోయినట్టవుతుంది, నోరు జారతాడు, ఊరు వెళ్ళగొడుతుంది, శత్రువుతో చేయి కలిపి సొంత ఊరి మీదకే వస్తాడు. మాక్‌బెత్‌ని అయితే మనం చూడకముందే, ఒకణ్ణి బొడ్డు నుంచి దవడ దాకా చీల్చాడని రాజుగారికి చెబుతారు. రాజు మెచ్చుకుంటాడు. తర్వాత ఆ చెయ్యి రాజు మీదకే వచ్చింది, దానికి ఆశ్చర్యపోయేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

మన దగ్గర ఖడ్గ తిక్కన కథ ఇంకా ఘాటుగా ఉంటుంది. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర సేనాని, భారతం తెనిగించిన తిక్కనకి పెదనాన్న పినతండ్రి పిల్లల వరస. ఆవుల మందల దొర కాటమరాజుతో పుల్లరి దగ్గర వచ్చిన తగాదా, పశువులు మేసినదానికి పన్ను కట్టలేదని. సైన్యం పోయి ఇంటికి తిరిగొస్తే, చెప్పుకునే కథ ప్రకారం, భార్య స్నానానికి నీళ్ళు పెట్టి చాటుగా మంచం అడ్డం పెట్టింది, పక్కన పసుపు ముద్ద ఉంచింది, ఆడవాళ్ళకి పెట్టినట్టు. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం ఉన్నాం, నీతో ముగ్గురమయ్యాం అంది. తల్లి విరిగిన పాలు పోసి, నువ్వు విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అంది. ఆయన మళ్ళీ వెళ్ళి చచ్చిపోయాడు. మనం దాన్ని వీరమాతల కథగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ మంచం చాటున పసుపు ముద్ద చూస్తూ నిలబడ్డ మనిషి దగ్గర నవల కనిపిస్తుంది. అలా బతికి ఇంటికి రావడమే తప్పని నేర్పిన ఇంట్లో, వెనక్కి వెళ్ళకుండా ఉండిపోయి, ముసలివాడై, అదే మాట కొడుకుతో అంటే? మీ సుబేదార్ కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చే అధ్యాయం ఒకటుంది కదా. మీరు దాన్ని రెండు పేరాల్లో తేల్చేశారు. అక్కడ ఆ తండ్రి ఏమంటాడో రాయండి.

ఇల్లు తర్వాత వీధి. మీ కాలనీ జనం అందరూ పాపం అమాయకులు, ఆయన బాధ పడలేక తలుపులేసుకునేవాళ్ళు. ఈ ఊళ్ళో అలా ఉండదండి. చవకగా మందు దొరికే మిలిట్రీ క్యాంటీన్ కార్డు ఉన్న ఆయన దగ్గరికి నెలాఖరున ఎవరెవరు వస్తారో మీకు తెలీదా? ఒక ఫుల్ బాటిల్ కోసం కూర్చుని, విన్న కథే మళ్ళీ విని, "మీలాంటివాళ్ళు లేకపోతే ఈ దేశం ఏమయ్యేది సార్" అని లేచిపోతారు. ఆ మాట ఆయన రాత్రంతా నములుతాడు. మర్నాడు ఉదయం నీళ్ళ ట్యాంకర్ దగ్గర క్యూలో నిలబడమంటే కోపం రాదా మరి.

మా కాలనీలో చూసిందొకటి చెబుతాను. ఆగస్టు 15 జెండా వందనం ఒక రిటైర్డ్ హవల్దార్ గారు చేసేవారు. జెండాలో బంతిపూల రేకులు పెట్టి మడిచి, తాడు లాగగానే విచ్చుకునేలా ముడి వేయడం అందరికీ రాదు, వేరేవాళ్ళు వేస్తే పట్టేస్తుంది, కింద నిలబడి గుంజుతూ ఉండాలి. ఆయన తెల్లవారుజామునే వచ్చి ఒక్కరే కూర్చుని వేసుకునేవారు. ఒక ఏడాది అసోసియేషన్ వాళ్ళు కార్పొరేటర్ని పిలిచారు, డ్రైనేజీ పని కావాలి కాబట్టి. ముడి మాత్రం ఈయన్నే వేయమన్నారు. వేశారు. కార్పొరేటర్ చిటికెన వేలితో లాగినట్టు లాగితే జెండా ఠక్కున విచ్చుకుంది, రేకులన్నీ ఆయన నెత్తిన పడ్డాయి, అందరూ చప్పట్లు. హవల్దార్ గారు రెండో వరస కుర్చీలో ఉన్నారు, ఆయనా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నుంచి ఆయన వీధి మొదట్లో నిలబడి రాంగ్ పార్కింగ్ బళ్ళ గాలి తీసేయడం మొదలుపెట్టారు. రెండింటికీ సంబంధం ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. మీరూ నవలలో అనకండి, పక్కపక్కన పెట్టి వదిలేయండి, చదివేవాళ్ళే కలుపుకుంటారు. మీరు చేస్తున్న ఇంకో తప్పు అది, ప్రతి చెడ్డ పని తర్వాత కారణం చెప్పేస్తున్నారు.

ఇక లెక్కల సంగతి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మిలిట్రీ కుటుంబాల వాళ్ళు చదివితే మొదట పట్టుకునేది ఇదే. 1971లోనే సుబేదార్ అంటున్నారు మీరు. సిపాయిగా చేరినవాడు ఆ ర్యాంకుకి రావాలంటే ఇరవై ఏళ్ళ పైమాటే, అంటే అప్పటికే నలభైకి దగ్గర, ఇప్పుడు తొంభై దాటాలి. గోడలు దూకి గొడవ పెట్టుకునే వయసు కాదు. అప్పుడు సిపాయి, రిటైరయ్యేనాటికి సుబేదార్ అని మారిస్తే డెబ్బై అయిదు పైన వస్తాడు, ఫర్వాలేదు. నన్నడిగితే 1971 వదిలేసి కార్గిల్ తీసుకోండి. 1999లో పాతికేళ్ళ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటాయి. ఆ రోజుల్లో చేరిన జవాన్లకి పెన్షన్ రావడానికి కనీసం 15 ఏళ్ళ సర్వీసు చాలు, కాబట్టి చాలామంది నలభై లోపే బయటికి వచ్చేశారు. "తర్వాతి జీవితం" అని మీరు రాసుకున్నది ముసలితనం కానే కాదు, పిల్లలు స్కూల్లో ఉండగానే మొదలయ్యే ముప్పై ఏళ్ళు. బ్యాంకు గేటు దగ్గరో, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీలోనో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం. నీలం సగం, నారింజ సగం ఉన్న వీర చక్ర రిబ్బన్ ఆ సెక్యూరిటీ యూనిఫారం మీద పెట్టుకోవచ్చా లేదా అని ఫెసిలిటీ మేనేజర్‌తో, పాతికేళ్ళ పిల్లాడితో, ఒక వాదన జరగాలి మీ నవలలో. మొదటి అధ్యాయం అదే పెట్టినా నాకు అభ్యంతరం లేదు. అందులో ఈయనదే న్యాయం అనిపించేలా రాయండి, చదివేవాడు ఆ మేనేజర్ని తిట్టుకోవాలి. ఆ మధ్యాహ్నమే గేటు దగ్గర ఎంట్రీ సరిగ్గా రాయలేదని ఒక డెలివరీ కుర్రాణ్ణి మే నెల ఎండలో నలభై నిమిషాలు నిలబెట్టనివ్వండి.

ఊరు పశ్చిమ గోదావరి అని రాశారు కాబట్టి ఒక మాట. మిలిట్రీ మాధవరం లాంటి ఊరి నుంచి వచ్చినవాడైతే కథ మారిపోతుంది, ఇంటికొక సైనికుడు ఉన్న ఊళ్ళో ఈయన గొప్ప ఎవరూ వినరు, అందుకే హైదరాబాద్‌లో ఉండిపోయాడు అనుకోవచ్చు. అలా కాదంటే వేరే ఊరు పెట్టుకోండి, మధ్యలో ఉంచకండి.

మనవడి ముందు తాగే సీనూ, రిబ్బన్ సీనూ రెండూ రాసి పంపండి, మిగతా అధ్యాయాల జోలికి అప్పటిదాకా వెళ్ళొద్దు. కోర్టు కేసు ఉంచాలా తీసేయాలా అన్నది అవి చూశాక మాట్లాడుకుందాం, నాకైతే తీసేయాలనే ఉంది.